రావలసిన బాకీల పుస్తకం

(పెన్షనర్ల దినోత్సవ సందర్భంగా నిర్మల్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నప్పుడు “ఆరోగ్యం గురించి ఏమైనా చెప్పండి” అన్నారు. నేను డాక్టరును కాను. ముప్పై మూడేళ్లు ట్రెజరీ శాఖలో బిల్లులు చూసినవాణ్ణి. నాకు తెలిసిందల్లా లెక్క. కనుక లెక్క గురించే మాట్లాడతాను. అయితే ఇది కాగితం మీది లెక్క కాదు, మనసులో రాసుకునే లెక్క.

ముందుగా ఒక మనవి. ఆశలు తగ్గించుకుందామని నేను చెప్పబోతున్నాను. దాన్ని ఎవరూ అపార్థం చేసుకోవద్దు. 1982 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పునిస్తూ, పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తేల్చింది. ఆ తీర్పు వల్లనే మనం ఈ రోజును పండుగ చేసుకుంటున్నాం. కరువు భత్యం బకాయి ఉంటే అడుగుదాం, మెడికల్ బిల్లు ఆగితే వినతిపత్రం ఇద్దాం, అవసరమైతే కోర్టుకూ పోదాం. హక్కు వేరు, ఆశ వేరు. హక్కుకు ఒక జీ.వో. ఉంటుంది, ఒక తేదీ ఉంటుంది, అడగడానికి ఒక కార్యాలయం ఉంటుంది. ఆశకు ఇవేవీ ఉండవు. కొడుకు ప్రతి ఆదివారం ఫోను చేయాలని ఏ జీ.వో.లోనూ లేదు. అయినా మనం ఆ బిల్లును ప్రతి ఆదివారం పెడుతూనే ఉంటాం. అది పాసు కాకపోతే వారమంతా బాధపడుతూనే ఉంటాం.

నా సంగతే చెబుతాను. పదవీ విరమణ రోజున పూలదండ వేశారు, శాలువా కప్పారు, “ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి” అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కాని మరునాటి నుంచి పది గంటలయ్యేసరికి కాళ్లు ఆగేవి కావు. నెల తిరగకముందే ఏదో పని కల్పించుకుని పాత ఆఫీసుకు పోయాను. కొత్తగా చేరిన గుమస్తా తలెత్తి “ఎవరు కావాలి సార్?” అని మర్యాదగానే అడిగాడు. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. నన్ను అతడు ఎన్నడూ చూడలేదు. అయినా ఆ మాట నాకు వారం రోజులు ముల్లులా గుచ్చుకుంది. అప్పుడు తెలిసింది, ఆఫీసు నన్ను వదిలింది గాని నేను ఆఫీసును వదలలేదని. పదవీ విరమణ వేరు, మనసుకు విరమణ వేరు. మొదటిది వయసు వస్తే ప్రభుత్వమే ఇస్తుంది. రెండోది మనమే తీసుకోవాలి.

మా అమ్మాయి పెళ్లినాటి చదివింపుల పుస్తకం ఇంకా మా బీరువాలో ఉంది. ఎవరెంత చదివించారో, ఎవరు బట్టలు పెట్టారో అన్నీ అందులో ఉన్నాయి. మన ఇళ్లల్లో అది అవసరమే, తిరిగి పెట్టాలి గనుక. అయితే అటువంటిదే మరొక పుస్తకం నా మనసులో ఉండేది. అందులో నేను ఎవరికి ఏం చేశానన్నది ఒకవైపు, వారు నాకేం చేయలేదన్నది మరొకవైపు. తమ్ముణ్ణి చదివించాను, పండక్కి రాలేదు. ఫలానా ఆయన బదిలీ ఆపించాను, బజారులో కనబడితే నమస్కారం పెట్టలేదు. అలా రావలసిన బాకీలే తప్ప నేను ఇవ్వవలసినవి ఆ పుస్తకంలో ఒక్కటీ ఉండేవి కావు. అటువంటి ఖాతా నా ముందుకు వస్తే నేనే అభ్యంతరం రాసి తిప్పి పంపేవాణ్ణి.

మా అబ్బాయి హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసేవాడు. ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిది గంటలకు ఫోను చేసేవాడు. ఒక ఆదివారం ఫోను రాలేదు. సోమవారం చేశాడు. నేను మాట్లాడలేదు, చేతితోనే మా ఇంటావిడకు సైగ చేశాను. తరువాత కూడా “బాగానే ఉన్నానని చెప్పు” అని దూరం నుంచే అనేవాణ్ణి. వాడే నన్ను బతిమాలాలని నా ఆశ. నాలుగు నెలలు అలాగే గడిచాయి. దసరాకు కూడా వాడు రాలేదు. పుస్తకంలో మరో పద్దు పెరిగింది.

దసరా పోయిన నాలుగో రోజున, మా ఇంటావిడ వంటింట్లో గోంగూర తెంపుతూ నెమ్మదిగా చెప్పింది. వాడి ఉద్యోగం ఎండాకాలంలోనే పోయిందట. ఫోను చేయని ఆ ఆదివారమే ఆ సంగతి వాడికి తెలిసిందట. “నాకెందుకు చెప్పలేదు?” అని గట్టిగా అడిగాను. ఆమె తల ఎత్తకుండానే, “చెబితే మీరు మొదలు ఏమడుగుతారు? ఆదివారం ఫోనెందుకు చేయలేదనే కదా అడుగుతారు. బాపుకు చెప్పకమ్మా అని వాడే అన్నాడు” అంది.

నేను మాట్లాడలేకపోయాను. నా కొడుకు అన్నిటికంటె కష్టపడ్డ నాలుగు నెలలు, నేను ఒక ఫోను బాకీ వసూలు కోసం పోగొట్టుకున్నాను.

ఆ రోజుల్లోనే రిటైరైన ఉపాధ్యాయ మిత్రుడొకరు నాకు బావరి కథ చెప్పారు. ఇది ఎక్కడిదో కాదు, మన గోదావరి ఒడ్డు కథ. బౌద్ధుల ప్రాచీన గ్రంథమైన సుత్తనిపాతంలో ఉంది. బావరి కోసలదేశం నుంచి దక్షిణానికి వచ్చి, అస్సక దేశంలో గోదావరి తీరాన ఆశ్రమం కట్టుకున్న బ్రాహ్మణుడు. కోసల రాజుకు పురోహితుడిగా ఉండి, వయసు మీద పడ్డాక సెలవు తీసుకుని వచ్చాడని వ్యాఖ్యాతలు రాశారు. అంటే ఆయన కూడా మన వంటి విశ్రాంత ఉద్యోగే అనుకోవచ్చు. మన ఖానాపూర్ మండలంలో గోదావరి రెండు పాయల నడుమ ఉన్న బాదనకుర్తే ఆ చోటని కొందరు చరిత్రకారులు గుర్తించారు.

ఆయన పళ్లు తిని, ఏరుకున్న గింజలు తిని బతికాడు. ఊరి నుంచి వచ్చిన ఆదాయంతో యజ్ఞం చేసి ఉన్నదంతా పంచిపెట్టాడు. అంతా అయిపోయాక ఒక బ్రాహ్మణుడు వచ్చి ఐదు వందల నాణేలు అడిగాడు. లేవన్నాడు బావరి. అడిగినవాడు కోపించి, ఏడో రోజున నీ తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. అంతే, అన్నీ వదిలి వచ్చిన ఆ మహానుభావుడు తిండి మానేసి దిగులుతో చిక్కిపోయాడు.

ఈ కథలో నన్ను ఆపింది ఈ చోటే. రాజాస్థానం వదిలాడు, ధనం వదిలాడు, వందల మైళ్లు నడిచి గోదావరి ఒడ్డుకు చేరాడు. అయినా ఎదుటివాడి ఆశ తీరకపోవడం వల్ల పుట్టిన ఒక్క మాట ఆయన నిద్ర చెడగొట్టింది. చోటు మారినంత మాత్రాన మనసు మారదన్నమాట. ఆ తరువాత బావరి తన పదహారుగురు శిష్యులను బుద్ధుని దగ్గరికి పంపాడు. పైఠాన్, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి మీదుగా వారు మగధ దాకా నడిచారు. పగలవలసిన తల అజ్ఞానమేనని, దాన్ని పగలగొట్టేది తెలివేనని బుద్ధుడు సమాధానం చెప్పాడు. వారిలో అజితుడు, మనిషిలో పారే వరదలకు అడ్డుకట్ట ఏదని అడిగితే, ఎరుకే కట్ట అని చెప్పాడు.

కట్ట అంటే మన జిల్లా వారికి వేరే చెప్పనక్కరలేదు. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు దాని తాహతుకు మించిన వరద వచ్చింది. ఉన్న 18 గేట్లలో 17 ఎత్తారు, ఒకటి లేవలేదు. ఆ రాత్రి కింది ఊళ్ల వాళ్లు ఎట్లా గడిపారో మీలో చాలామందికి తెలుసు. గేటుకు గ్రీజు పెట్టేది వరద వచ్చిన రాత్రి కాదు, ఎండాకాలంలో. మనసు కూడా అంతే. కోపం పొంగిన క్షణంలో ఎరుక తెచ్చుకుందామంటే రాదు. మామూలు రోజుల్లో సాధన చేయాలి. దానికి కొంత ఏకాంతం కావాలి.

“ఇవన్నీ సన్యాసులకు, ఉద్యోగస్థులకు కుదురుతుందా?” అని నేను ఆ మిత్రుణ్ణి అడిగాను. దానికి ఆయన ఊ బా ఖిన్ గారి సంగతి చెప్పారు. బర్మాలో ఆయన అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో గుమస్తాగా చేరారు. 1937లో ధ్యానం నేర్చుకున్నారు. 1948 జనవరి 4న, బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన రోజున, ఆ దేశపు అకౌంటెంట్ జనరల్ అయ్యారు. 1952లో రంగూన్‌లో ధ్యాన కేంద్రం స్థాపించారు. ఒకవైపు ఫైళ్లు చూస్తూనే మరొకవైపు ధ్యానం నేర్పారు. లెక్కల శాఖ మనిషి అని వినగానే నాకు కొంచెం ధైర్యం వచ్చిందని ఒప్పుకోవాలి.

ఆయన శిష్యుడే సత్యనారాయణ గోయెంకా. మాండలేలో పుట్టిన వ్యాపారి. తీవ్రమైన తలనొప్పితో, మార్ఫిన్ ఇంజెక్షన్లతో బాధపడుతూ 1955లో గురువు దగ్గరికి పోయారు. తలనొప్పి తగ్గడానికైతే రావద్దని గురువు తిప్పి పంపారు. మనసును శుభ్రం చేసుకోవడానికి వస్తే నేర్పుతాను, తలనొప్పి తగ్గితే అది కొసరు మాత్రమే అన్నారు. అసలు కంటె కొసరు కోసం పోయేవాడికి రెండూ దక్కవు కదా. గోయెంకా 1969లో భారతదేశానికి వచ్చి విపశ్యన శిబిరాలు మొదలుపెట్టారు. 2013లో కాలం చేశారు. ఆ శిబిరాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. మనకు దగ్గరలో నిజామాబాద్ జిల్లా ఎడపల్లి మండలం పోచారంలో ‘ధమ్మ నిజ్ఝాన’ అనే కేంద్రం ఉంది. నేను అక్కడికే పోయాను.

పది రోజుల శిబిరం. ఫీజు లేదు, శిబిరం పూర్తి చేసినవారు తోచినంత ఇవ్వవచ్చు. మొదటి రోజే ఫోను తీసి పెట్టుకుంటారు. పదో రోజు వరకు ఎవరితోనూ మాట్లాడరాదు, సైగలు కూడా కూడదు. నిర్వాహకులతో, గురువుగారితో మాత్రం అవసరమైనది మాట్లాడవచ్చు. తెల్లవారుజామున నాలుగు గంటలకు గంట కొడతారు. ఆరున్నరకు ఫలహారం, పదకొండింటికి భోజనం, సాయంత్రం ఐదింటికి కొత్తవారికి చాయ్, పళ్లు. రాత్రి భోజనం లేదు. కింద కూర్చోలేని పెద్దవాళ్లకు కుర్చీ ఇస్తారు.

మొదటి మూడు రోజులు వచ్చిపోయే శ్వాసను గమనించమన్నారు. ఇదెంత పని అనుకున్నాను. పది శ్వాసలు లెక్కకు రాకముందే మనసు ట్రెజరీకి పోయేది, హైదరాబాదుకు పోయేది, తమ్ముడి ఇంటికి పోయి పోట్లాడి వచ్చేది. నాలుగో రోజు నుంచి ఒంట్లో ఎక్కడ ఏమి తెలుస్తున్నా చూస్తూ ఉండమన్నారు. గంటసేపు కదలకుండా కూర్చోవాలి. నా మోకాళ్ల సంగతి మీకు తెలుసు. ఆరో రోజున బట్టలు సర్దుకుందామనుకున్నాను. గురువుగారి దగ్గరకు పోయి, “ఇన్ని రోజులు కూర్చున్నాను, శాంతి రాలేదు” అని ఫిర్యాదు చేశాను. ఆయన కోపగించలేదు. “శాంతి కోసం ఎదురుచూస్తున్నారా, ఉన్నదాన్ని చూస్తున్నారా?” అని మాత్రం అడిగారు.

అక్కడ కూడా నేను బిల్లు పెట్టాను. ఆరు రోజులు కూర్చున్నందుకు శాంతి మంజూరు కాలేదని అలిగాను.

మరునాడు మోకాలు నొప్పి పెడుతుంటే, ఈసారి నొప్పిని తరిమేద్దామని కాకుండా ఊరికే చూశాను. చూడగా చూడగా ఒక సంగతి తెలిసింది. నొప్పి నిజంగానే ఉంది. కాని దాని మీద “ఇంకా ఎంతసేపు? గంట ఎప్పుడు కొడతారు?” అనే ఆరాటం ఒకటి కూర్చుని ఉంది. నొప్పి పావలా అయితే ఆ ఆరాటం ముప్పావలా. మోకాలి నొప్పిని నేను ఆపలేను, వయసు అటువంటిది. ఆ ముప్పావలా మాత్రం నేను పెట్టుకున్నదే. ఆదివారం ఫోను రాకపోతే కలిగే వెలితి పావలాయే. నాలుగు నెలల అలక మాత్రం నా సొంత సంపాదన.

నాకు జ్ఞానోదయమేమీ కాలేదు. ఇంటికి వచ్చిన సాయంత్రం అబ్బాయికి నేనే ఫోను చేశాను. ఎందుకు చెప్పలేదని అడగలేదు. “తిన్నావా బిడ్డా?” అన్నాను. వాడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత నలభై నిమిషాలు మాట్లాడాడు. నేను విన్నాను. అంతసేపు సలహా ఇవ్వకుండా వినడం నా జీవితంలో అదే మొదటిసారి. తరువాత వాడికి తక్కువ జీతంతో మరో ఉద్యోగం దొరికింది. ఇప్పటికీ కొన్ని ఆదివారాలు ఫోను రాదు. రానినాడు మనసు కలుక్కుమంటుంది, అబద్ధమెందుకు చెప్పాలి. కలుక్కుమన్నదని తెలుసుకుంటాను. పుస్తకంలో రాయను. మాట్లాడాలనిపిస్తే నేనే చేస్తాను.

ఇక్కడ మగవాళ్లకు ఒక మాట చెప్పాలి. నేను పోచారం నుంచి వచ్చి ఏకాంతం గొప్పదని చెబుతుంటే, మా ఇంటావిడ “మీకు ఆఫీసు నుంచి రిటైర్‌మెంటు వచ్చింది, ఇప్పుడు ఇంటి నుంచి కూడా సెలవు దొరికింది. నా రిటైర్‌మెంటు ఎప్పుడు?” అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు లేదు. మన ఇళ్లల్లో ఆడవాళ్లకు విరమణ వయసే లేదు. మరుసటి ఏడు ఆమె శిబిరానికి పోయింది, నేను పది రోజులు వంట చేసుకున్నాను. మూడు రోజులు పప్పు మాడింది. పప్పు మాడకుండా దగ్గర నిలబడి చూడడం కూడా ఎరుకేనని నాలుగో రోజుకు తెలిసింది. మీరు ఏకాంతానికి సమయం తీసుకుంటే ఇంటావిడకు కూడా ఆ సమయం ఇవ్వండి. లేకుంటే అది ఏకాంతం కాదు, తప్పించుకోవడం.

అందరూ ఒకే చోటికి పోవాలని నేను అనడం లేదు. మనలో అన్ని మతాలవారు ఉన్నాం. రంజాన్ చివరి పది రోజులు మసీదులోనే ఉండి ఏతెకాఫ్ పాటించే మిత్రులున్నారు. నలభై ఒక్క రోజులు అయ్యప్ప దీక్ష తీసుకునేవారున్నారు. చర్చి తరఫున రిట్రీట్‌కు పోయేవారున్నారు. యుద్ధానంతరం వ్యాసుడు ప్రశాంతమైన చోటు వెతుక్కుంటూ బాసరకు వచ్చాడని మన స్థలపురాణం. మనిషికి కొన్నాళ్లు పక్కకు తప్పుకోవడం అవసరమని పెద్దలందరూ గ్రహించారు. అయితే బాసరకు పోయినా సెల్‌ఫోను చూస్తూ, గుడి మెట్ల మీద డి.ఆర్. శాతాలు మాట్లాడుకుంటూ వస్తే అది ప్రయాణమే గాని ఏకాంతం కాదు.

నేను పాటిస్తున్నది మూడు ముక్కల్లో మనవి చేస్తాను. రోజూ తెల్లవారుజామున అరగంట, పేపరు రాకముందే, ఊరికే కూర్చుని శ్వాసను చూడడం. నెలకు ఒక పూట, ఫోను ఇంట్లో పెట్టి, సోన్ దగ్గర గోదావరి ఒడ్డునో, మేడ మీదనో మాట లేకుండా గడపడం. ఏడాదికి ఒకసారి కుదిరినన్ని రోజులు శిబిరం. గుండె జబ్బు ఉన్నవారు, మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారు డాక్టరును అడగకుండా పోవద్దు. శిబిరం వారికి కూడా ముందే చెప్పాలి. మందులు మానేయవద్దు. ధ్యానం మందుకు బదులు కాదు.

కదలలేనివారు, మంచంపట్టిన భార్యనో భర్తనో చూసుకుంటున్నవారు మనలో ఉన్నారు. వారికి ఇవేవీ కుదరవు. వారి కోసం బావరి కథలోని చివరి మనిషిని గుర్తు చేస్తాను. పదహారుగురిలో పింగియుడు ముసలివాడు. చూపు ఆనదు, చెవి వినదు, బలం లేదు. ఆయన తిరిగి గోదావరి ఒడ్డుకు వచ్చి, గురువైన బావరికి జరిగినదంతా చెప్పాడు. అటువంటి బుద్ధుణ్ణి వదిలి ఎలా వచ్చావని బావరి అడిగితే, శరీరం దుర్బలమైంది, అక్కడికి పోలేదు, మనసు మాత్రం అక్కడే ఉన్నదని, క్షణమైనా దూరంగా లేనని అన్నాడు. రోగికి గంజి తాగించే ఐదు నిమిషాలు, “ఎవరూ వచ్చి చూడలేదు” అన్న లెక్క పక్కన పెట్టి, ఆ చెంచా మీదే మనసు పెడితే, అది వారి ఏకాంతం. అది పది రోజుల శిబిరానికి తక్కువ కాదని నా నమ్మకం.

మిత్రులారా, ఏటా మనం బతికే ఉన్నామని ధ్రువీకరణ ఇస్తాం. వేలిముద్ర పడితే ట్రెజరీకి చాలు. కాని ఆ ఏడాదిలో ఎన్ని రోజులు పాత ఆఫీసులో గడిపాం, ఎన్ని రోజులు రాని ఫోను దగ్గర గడిపాం, ఎన్ని రోజులు నిజంగా ఇక్కడ బతికాం అన్నది మనకే తెలియాలి. సంఘం తరఫున రావలసిన బకాయిలు గట్టిగా అడుగుదాం, నేనూ మీ వెంట వస్తాను. ఇంట్లో రావలసిన బాకీల పుస్తకం మాత్రం ఈ రాత్రే మూసేద్దాం. ఎవరితోనైనా మాట్లాడడం మానేసి ఉంటే, వారు చేసేదాకా ఆగకుండా మీరే ఫోను చేయండి. మొదలు “తిన్నావా” అని అడగండి.